పదవుల మాటున జీతాలు

2017 జూలై 26న సుప్రీంకోర్టు అస్సాం ప్రభుత్వపు 2004 నాటి పార్లమెంటరీ కార్యదర్శుల చట్టాన్ని కొట్టివేసింది. అటువంటి పదవులను సృష్టించే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని తేల్చింది. ఇది తెలంగాణకూ హెచ్చరికేనని మేము భావిస్తున్నాము.

2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య శాసనసభ్యులలో 15 శాతం మించరాదు. 119 మంది ఉన్న మన సభలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికే అవకాశం. అయినా 2014 డిసెంబరులో ప్రభుత్వం ఆరుగురు శాసనసభ్యులను పార్లమెంటరీ కార్యదర్శులుగా నియమించి మంత్రి హోదా కట్టబెట్టింది. 2015 మే నెలలో హైకోర్టు ఆ నియామకాలను నిలిపివేసింది. రాజ్యాంగం వాకిలి మూస్తే దొడ్డిదారి వెతకడం ఏలికలకు తగునా?

2016 మార్చిలో శాసనసభ్యుని నెలసరి వేతన భత్యాలు 95 వేల రూపాయల నుంచి రెండున్నర లక్షలకు పెరిగాయి. తమ వేతనాన్ని తామే చట్టం ద్వారా నిర్ణయించుకొనే వీలును 195వ అధికరణం శాసనసభ్యులకు ఇచ్చింది. అది ప్రజలు అప్పగించిన అమానత్; సొంత ఆస్తి కాదు.

శ్రీరాంపూర్ బాయిల్లో పనిచేసే కార్మికులకు 2017లో ఎదురైన అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని మార్చిలో హైకోర్టు కొట్టివేసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. జూన్‌లో కార్మికులు సమ్మెకు దిగవలసి వచ్చింది. కార్మికుని బిడ్డకు అడ్డువచ్చిన రాజ్యాంగం నాయకుని హోదాకు అడ్డురాకూడదా?

ముస్లింల సంగతి చూడండి. 12 శాతం రిజర్వేషన్ల బిల్లు 2017 ఏప్రిల్ 16న సభ ఆమోదం పొంది ఢిల్లీ దారి పట్టింది. నేటికీ అమలులో ఉన్నది పాత నాలుగు శాతమే. నాయకుల వేతనాల బిల్లుకు ఇంత ఎదురుచూపు లేదు. ఆ ఆరుగురిలో ముస్లిం లేడని మేము నొచ్చుకోవడం లేదు. ఉన్నా మా మాట ఇదే. ఒకరికి దక్కిన కారు, బంగళా మన పిల్లల చదువుకు, ఉపాధికి బదులు కావు.

బ్రిటన్‌లో 2009 చట్టంతో ఏర్పడిన స్వతంత్ర సంస్థ పార్లమెంటు సభ్యుల వేతనాలను నిర్ణయిస్తున్నది. మనకూ అటువంటి ఏర్పాటు కావాలి. మంత్రి హోదా పొందిన ప్రతివారి పేరు, వారిపై అవుతున్న ఖర్చు ఏటా సభ ముందుంచాలి. ఓటు అడగవచ్చిన ప్రతి నాయకుణ్ణి, ఏ పార్టీవాడైనా సరే, పాఠకులు ఈ రెండింటిపై నిలదీయాలని కోరుతున్నాము.