ఇంటిపేరుకు శ్రుతి ఉండదు

పిల్లవాడికి ఆల్టో శాక్సఫోన్ కొనాలి, ఏది మంచిది అని అడిగితే మన సంగీత వర్గాల్లో జవాబు తయారుగా ఉంటుంది: "తరతరాలుగా అదే పని చేస్తున్న ఇంటి సరుకు తీసుకోండి. దొరికితే పాత సెల్మర్, అందులోనూ మార్క్ సిక్స్. కళ్ళు మూసుకుని కొనేయొచ్చు." ఇలా చెప్పేవాళ్ళలో చర్చి బృందాల్లో వాయించేవాళ్ళున్నారు, బ్యాండు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళున్నారు, శాక్సఫోన్ ఎన్నడూ చేత్తో పట్టుకోనివాళ్ళూ ఉన్నారు. నా పేచీ ఆ చివరి మాటతోనే. లక్షలు పోసి కొనే వస్తువును కళ్ళు మూసుకుని ఎందుకు కొనాలి?

ముందు ఈ వంశప్రతిష్ఠ సంగతే తేల్చుకుందాం. ప్యారిస్‌లో హెన్రీ సెల్మర్ సంస్థ పుట్టింది 1885లో. మన మీరట్‌లో బ్యాండు వాద్యాలు చేసే నాదిర్ అలీ కంపెనీ పుట్టిందీ 1885లోనే. పాతదనమే గొప్పయితే ప్యారిస్‌కు పెట్టిన దణ్ణం మీరట్‌కూ పెట్టాలి. పెడుతున్నామా? మీరట్ పేరెత్తితే నవ్వేవాళ్ళే ఎక్కువ. అంటే మనవాళ్ళు మొక్కుతున్నది తరాలకు కాదు, ప్యారిస్‌కు. ఈ మాట పైకి ఒప్పుకుంటే సగం వాదన అక్కడే తెగిపోతుంది.

పైగా 1885లో సెల్మర్ వాళ్ళు శాక్సఫోన్లు చేయనేలేదు. రీడ్లు, మౌత్‌పీసులతో మొదలై, క్లారినెట్లు చేసి, సొంత శాక్సఫోన్ తెచ్చేసరికి 1920లు వచ్చాయి. ఆ దశాబ్దం చివర్లో, ఈ వాద్యాన్ని కనిపెట్టిన అడాల్ఫ్ శాక్స్ కుటుంబపు కార్ఖానాను కొనుక్కున్నారు. శాక్స్‌ది కూడా వాద్యాల ఇల్లే. తండ్రి బ్రస్సెల్స్‌లో పేరున్న తయారీదారు. 1846లో పేటెంటు పొందిన కొడుకు మాత్రం మూడుసార్లు దివాలా తీశాడు. 1925లో బొహీమియాలో మొదలైన మరో శాక్సఫోన్ల ఇల్లు, కైల్వెర్త్ వాళ్ళు రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీకి తరలిపోవలసి వచ్చింది. చేతులు మారి మారి ఆ కంపెనీ 2010లో దివాలా తీసి, ఫ్రాన్స్‌లోని వాద్యాల కంపెనీ బఫే క్రాంపాన్ పంచన చేరింది. 2018లో సెల్మర్‌లోనూ మెజారిటీ వాటా ఒక పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళింది. బెల్ మీద చెక్కే పేరు మాత్రం మారలేదు.

ఇక మార్క్ సిక్స్. 1954లో వచ్చింది. గొప్ప వాద్యమే. దాని కీల అమరికనే తర్వాతి కంపెనీలు చాలావరకు అనుసరించాయి. కానీ దాని చుట్టూ అల్లిన పురాణం ఉందే, అదీ చిక్కు. యుద్ధంలో పేల్చిన ఫిరంగి తూటాల తొడుగులు కరిగించి ఆ ఇత్తడి చేశారట, అందుకే ఆ నాదమట. సీరియల్ నంబరు 5 అంకెల్లో ఉంటే మహిమ, 6 అంకెలైతే కాస్త తక్కువట! 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒకే కొలతలతో వెండి, రాగి, కర్ర ఫ్లూట్లు చేయించి, కంటికి కనబడకుండా వినిపించాడు. ఏది ఏ ఫ్లూటో విన్నవాళ్ళు పోల్చుకోలేకపోయారు. ఫ్లూటు వేరు, శాక్సఫోన్ వేరు అంటారా? 1953లో టొరంటోలోని మాసీ హాల్‌లో జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ వాయించింది గ్రాఫ్టన్ ఆల్టో. దాని ఒళ్ళు ప్లాస్టిక్. ఆ రికార్డును ఈనాటికీ వింటున్నారు.

పాత ఇళ్ళన్నీ డొల్ల అనడం లేదు. జపాన్‌లో యానగిసావా ఇంటివాళ్ళు గాలివాద్యాల రిపేరుతో మొదలై శాక్సఫోన్ల తయారీలోకి వచ్చారు. ఆ అనుభవం వాద్యంలో ఉంటే చేతికి తెలుస్తుంది. చేతికి తెలియాలంటే పట్టుకోవాలి, ఊదాలి. ఇంటిపేరు అడిగి ఊరుకోవడం, పెళ్ళిచూపులకు వెళ్ళి అబ్బాయిని చూడకుండా గోత్రం కనుక్కుని లేచి వచ్చినట్టుంటుంది.

ఎలా పరీక్షించాలంటారా? చీకటి గదిలో గొట్టం లోపలికి సన్నని లైటు దించి, కీలు ఒక్కొక్కటే మెల్లగా మూసి చూడండి. ప్యాడ్ అంచున వెలుగు గీత కనిపిస్తే గాలి అక్కడే పోతోంది. తర్వాత అన్నీ మూసి, అట్టడుగు బి-ఫ్లాట్‌ను వీలైనంత సన్నగా ఊదండి. గరగరమన్నా, వేళ్ళు బిగించి నొక్కితే తప్ప పలకకపోయినా రిపేరు కాచుకుని ఉన్నట్టే. కింది డి, పై స్థాయి డి రెండూ ట్యూనర్‌తో సరిచూడండి. నెక్ వంపు అడుగున వేలితో తడమండి. గట్టులా ఏదైనా తగిలితే అది ఎప్పుడో కిందికి వంగింది. దాంతోపాటు ధర కూడా వంగాలి. మౌత్‌పీసు, రీడు మార్చి మళ్ళీ ఊదితే, బ్రాండు మార్చిన దానికంటే ఎక్కువ తేడా వినిపించడం కొత్తేమీ కాదు. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్ళకు ఇంకో మాట: ఉప్పుగాలికి ఉక్కు స్ప్రింగులు తుప్పు పట్టి పుటుక్కున విరుగుతాయి. ఆ రోజు రిపేరుకు ప్యారిస్ నుంచి సెల్మర్ మనవడు రాడు.

కద్రి గోపాల్‌నాథ్ ఇదే ఆల్టో మీద కర్ణాటక గమకాలు పలికించి, 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్ వేదిక ఎక్కారు. ఆయనదీ వంశమే, నాగస్వరం ఇల్లు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ చూసి మనసు పడ్డారు. గమకం ఆయనకు ఇంటి నుంచీ గురువుల నుంచీ వచ్చింది. ఆ వాద్యాన్ని కనిపెట్టిన ఇంటికి గమకం అనే మాటే తెలియదు.

కాబట్టి కొనదలచినవాళ్ళు ముందు మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో శాక్సఫోన్ విప్పి బిగించగల మనిషిని వెతకండి. దారిఖర్చులిచ్చి ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. పరీక్ష చేయనివ్వనని అమ్మేవాడు అంటే, అది ఎంత గొప్ప ఇంటి వాద్యమైనా అక్కడే వదిలేసి రండి.