ఊరి స్త్రీ చేతిలో ఊరి ఆరోగ్యము



పల్లె సంఘాల నుండి మాకు వచ్చే ఉత్తరాలలో ఒక కోరిక తరచుగా కనిపిస్తుంటుంది. "మా ఊరికి వైద్య సదుపాయము లేదు. మిషనువారు ఒక ఆసుపత్రి కట్టించేటట్లు మీ పత్రికలో వ్రాయండి" అని. కోరిక న్యాయమైనదే. అర్ధరాత్రి నొప్పులు పడుతున్న కోడలిని ఆటోలో పట్టణానికి తీసుకువెళ్ళిన ఇంటివారికి ఆ కష్టమేమిటో తెలుసు. అయితే ఆసుపత్రి ఉన్నంత మాత్రాన ఊరిలో పిల్లలు బ్రతుకుతారా? ఈ ప్రశ్న వెంటపడి వెళ్ళిన ఒక వైద్య దంపతుల సంగతి ఈ నెల చెప్పదలిచాము.

వారు డాక్టర్ రజనీకాంత్ అరోలే, డాక్టర్ మేబెల్ అరోలే. ఇద్దరూ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారే. మహారాష్ట్రలోని వడాల అనే ఊరి మిషను ఆసుపత్రిలో పని చేసేటప్పుడు, తమ దగ్గరకు వచ్చే జబ్బులలో ఎక్కువ భాగము అసలు రాకుండా ఆపదగినవేనని వారు గమనించారు. విరేచనాలతో వచ్చిన బిడ్డకు నయము చేసి పంపిస్తారు. ఇంటికి పోతే అదే నీరు, అదే తిండి. కొన్నాళ్ళకు బిడ్డ మళ్ళీ ఆసుపత్రిలోనే. ఆ తరువాత వారు అమెరికాలో ప్రజారోగ్యము చదివి వచ్చి, 1970లో అహ్మద్‌నగర్ జిల్లా (ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు) జాంఖేడ్‌లో పని మొదలుపెట్టారు. అది కరవు సీమ. అప్పట్లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో సుమారు 176 మంది ఏడాది నిండకుండానే కన్ను మూసేవారు. దాదాపు ఆరుగురిలో ఒకరన్నమాట.

మీకేమి కావాలని అడిగితే ఆ ఊళ్ళవారు మందులు అడగలేదు. నీళ్ళు అడిగారు, తిండి అడిగారు. సరేనని బోరుబావులతోనే మొదలుపెట్టారు. ఆ బావులను వీలైనచోట దళితవాడలోనే వేయించారు. చేతిపంపు దగ్గరకు ఊరిలోని పెద్ద కులాల స్త్రీలు కూడా బిందెలు పట్టుకొని రాక తప్పలేదు. దాహము చేసిన పని ఉపన్యాసాలు చేయలేవు!

ఆరోగ్యము నేర్పడానికి మొదట చదువుకున్న నర్సులను పల్లెలకు పంపారు గాని అది సాగలేదు. బయటనుండి వచ్చిన పిల్లలు పల్లెలో ఉండలేకపోయారు, వారి మాట ఊరివారికి ఎక్కలేదు. అప్పుడు ఊరివారే ఎన్నుకున్న ఊరి స్త్రీలను పిలిపించారు. వారిలో చాలామందికి అక్షరము రాదు. ఎందరో దళితులు, భర్త విడిచిపెట్టినవారూ ఉన్నారు. వారము వారము జాంఖేడ్ వచ్చి, ఒకే చోట వండుకొని తిని, ఒకే గదిలో పడుకొని, చూసి విని నేర్చుకొనేవారు. పక్కన కూర్చొని తినడానికే మొదట కొందరికి మనసొప్పలేదు. అదీ నేర్చుకోవలసిన పాఠమే అయింది. అలా నేర్చుకున్నవారిలో ముక్తాబాయి పోల్ అనే ఆమె 1988లో వాషింగ్టన్‌లో వైద్యుల మహాసభలో నిలబడి మాట్లాడింది. పైన వ్రేలాడే ఖరీదైన విద్యుద్దీపాల గుత్తిని చూపించి, డాక్టర్లు ఆ దీపాలవంటివారని, తాను ఒక చిన్న ప్రమిదననీ, అయితే ప్రమిద ఇంకొక ప్రమిదను వెలిగించగలదనీ చెప్పింది.

ఇంతకూ వారు నేర్చుకున్నదేమిటి? పెద్ద శాస్త్రమేమీ కాదు. మన ఇళ్ళలో జరిగే సంగతులే చూడండి. బిడ్డ పుట్టగానే ముర్రుపాలు పిండి పారబోసే అత్తలు మన దగ్గరా ఉన్నారు. పచ్చగా చిక్కగా ఉన్నాయి గనుక అవి చెడ్డపాలని వారి నమ్మకము. నిజానికి బిడ్డకు అంతకంటె మంచి మందు లేదు. పుట్టిన గంటలోపే పట్టించాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప తేనె గాని, చక్కెర నీళ్ళు గాని, మరేదీ అక్కరలేదు. బాలింతకు పథ్యము పేరుతో ఉత్త కారప్పొడి మెతుకులు పెట్టే ఇల్లు ఇంకా ఉంది. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికే గదా పప్పు, ఆకుకూర, గుడ్డు ముందుగా పెట్టవలసింది? కడుపుతో ఉన్నామె ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కడుపు మాడ్చడము జాంఖేడ్ పల్లెలలోనూ ఉండేది.

విరేచనాల సంగతి మరీ ముఖ్యము. నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని బిడ్డకు నీళ్ళు మానిపిస్తారు. బిడ్డ ప్రాణము తీసేది ఆ నీళ్ళు పోవడమే. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ చేతికి అందకపోతే, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. చనుబాలు ఆపకూడదు. జింకు మాత్రలు ఇస్తే విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, మలములో రక్తము కనిపించినా ఇంట్లో ఉంచుకోవద్దు. జాంఖేడ్‌లో కూడా ఒక చిన్న ఆసుపత్రి ఉండనే ఉంది, కష్టమైన కాన్పులు, ఆపరేషన్లు అక్కడే చేసేవారు. ఆసుపత్రి వద్దని మేము అనడము లేదు. దానిని నింపే జబ్బులు ఇంటిలోనే ఆగాలంటున్నాము.

1990 దశకానికి ఆ పల్లెలలో శిశు మరణాలు వెయ్యికి 30 లోపుకు దిగివచ్చాయి. ఆ దంపతులకు 1979లో మెగసెసే పురస్కారము లభించింది. మేబెల్ గారు 1999లో, రజనీకాంత్ గారు 2011లో ప్రభువునందు నిద్రించారు.

చదువు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చెప్పలేము. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990 దశకము మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన కూలి స్త్రీలే సారా పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధము వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలేసరికి ఆ జిల్లాలో స్త్రీలు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. జాంఖేడ్‌లో రైతు సంఘాలు, మహిళా మండలులు కూడా అలాగే పుట్టాయి. మేకలు పెంచారు, చిన్న వ్యాపారాలు చేశారు. చేతిలో నాలుగు రూపాయలు ఆడని తల్లికి బిడ్డకు గుడ్డు పెట్టమని చెప్పి ఏమి లాభము?

ఇప్పుడు మన సంగతి. ప్రహరీగోడకు, మైకుసెట్టుకు చందాలు తేలికగా పోగవుతాయి. ఆరోగ్య పాఠానికి నెలకు కొంత కేటాయిద్దామంటే సంఘ పెద్దలు లెక్కలు అడుగుతారు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషను మొదలైన తరువాత ఊరికి ఆశా కార్యకర్తలు వచ్చారు, అంగన్‌వాడీలు అంతకు చాలా ముందునుండే ఉన్నాయి. వారికి పోటీగా మనము మరొకటి పెట్టనవసరము లేదు. మందిరపు వరండాలో నెలకొకసారి ఆశమ్మను, అంగన్‌వాడీ టీచరును కూర్చోబెట్టి మాట్లాడించండి. అన్ని మతాలవారిని, అన్ని వాడలవారిని పిలవండి. అత్తలను తప్పకుండా పిలవండి, వంటింటి తీర్పులు వారివి గనుక!

ఇక సంఘము తరపున ఒకామెను ఎన్నుకోవలసి వస్తే పాస్టరమ్మగారినో పెద్దగారి కోడలినో ముందుకు తోయడము మన అలవాటు. వారు మంచివారే కావచ్చు. అయితే చంటిబిడ్డకు జ్వరము వస్తే వాడలో ఆడవారు మొదట ఎవరి తలుపు తడతారో కనుక్కొని, ఆమెనే పంపండి. ఆమె కూలిమనిషి అయితే శిక్షణకు వెళ్ళిన రోజు కూలి పోతుంది. ఆ కూలి డబ్బు, బస్సు ఛార్జీలు స్త్రీల సమాజపు కానుకలలోనుండి అదే రోజు ఆమె చేతిలో పెట్టండి.