గోదారికి మూడు హెచ్చరికలు... కౌన్సెలింగ్‌కు?

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. సామాన్లు సర్దుకోమని గోదావరి మూడుసార్లు చెబుతుంది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు ఆ మర్యాద లేదు. గడువు దాటితే వెబ్‌సైట్ తలుపులు మూసేస్తుంది, అంతే సంగతులు.

ఈ రెండూ ఒకే కాలంలో వచ్చిపడటమే కోనసీమ పిల్లల చిక్కు. 2025లో ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్లు జూలై 7న మొదలయ్యాయి. ఎర్రనీరు దిగే రోజులూ అవే. 2022 జూలైలో బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు లంక ఊళ్ల వీధుల్లో పడవలు తిరిగాయి. పి.గన్నవరం మండలం చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. అలాంటి రోజున ఆదాయ ధ్రువపత్రం కోసం బయల్దేరడం ఎలా? కష్టపడి వెళ్లినా, విచారణ చేసే వీఆర్వో, సంతకం పెట్టే తహసీల్దారు ఇద్దరూ వరద బాధితుల పనిలో ఉంటారు. వారిని అనీ లాభం లేదు.

అందుకే ఇక్కడి ఇళ్లలో అసలు గడువు జూన్ నెలాఖరే అనుకోవాలి. 'ఇంకా టైముందండీ, ఆయ్' అనే మాట అప్పటిదాకా అటకెక్కించాల్సిందే.

కులం, ఆదాయం పత్రాలు సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు చేస్తే వస్తాయి. ఎక్కువ తిప్పలు పెట్టేవి స్టడీ సర్టిఫికెట్లు. స్థానికతకు ఆధారం కాబట్టి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అన్నీ కావాలి. రాజోలులో హైస్కూలు, విజయవాడ హాస్టల్లో ఇంటర్ అయితే ఊరూరా తిరగాలి. బడి సెలవుల్లో ఉంటే హెడ్మాస్టారు దొరకరు. పరీక్ష రాసొచ్చిన వారంలోనే ఈ పని పెట్టుకోవడం ఉత్తమం. పేర్ల తంటా మరొకటి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. దిద్దించుకోవడానికి రోజులు పడుతుంది.

తాడేపల్లిగూడెం ఎన్ఐటీ మీద ఆశ పెట్టుకున్నవారికి ఇంకో మెలిక ఉంది. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే చెల్లుతాయి. నిరుటి పత్రం బీరువాలో భద్రంగా ఉందని సంబరపడితే సరిపోదు.

నెట్ సెంటర్లో దరఖాస్తు చేసేటప్పుడు ఫోన్ నంబరు ఇంట్లోవారిదే ఇవ్వాలి. ఓటీపీ వచ్చేది దానికే. తొందరలో సెంటర్ కుర్రాడి నంబరు ఇచ్చి, తర్వాత అతని కోసం అమలాపురమంతా వెతకడం ఎందుకు? కాలేజీల వరుస కూడా ముందే కాగితం మీద రాసుకెళ్లాలి. పక్కవారి పిల్లాడి ఆప్షన్లు చూసి కొట్టించడం మన దగ్గర మామూలే. ర్యాంకు మాత్రం పక్కవారిది కాదు.

సీటు వచ్చాక చాలామంది మిఠాయిల హడావుడిలో పడిపోతారు. గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, కాలేజీలోనూ రిపోర్టు చేయకపోతే ఆ సీటు పోతుంది. వరద రోజుల్లో లంకల్లో కరెంటు తీసేస్తే ఫోన్ ఛార్జింగ్ కూడా ఉండదు. అలాంటప్పుడు పత్రాలు పాలిథిన్ కవర్లో పెట్టి, అమ్మాయినో అబ్బాయినో నాలుగు రోజులు ఏటిగట్టు ఇవతలి బంధువులింట ఉంచడం మేలు. అమలాపురంలో మేనత్త ఉంటే మరీ మంచిది, భోజనానికీ లోటుండదు.