విన్న చెవుల్లో సీసం పోస్తారా?

రాత్రి ఏడున్నర అయితే మా పల్లెలో పొయ్యిలు ఆరిపోతాయి. గిన్నెలు బోర్లించి, పసిపిల్లల్ని చంకనేసుకుని ఆడోళ్ళు ప్రార్థన ఇంటికాడికి వస్తారు. రేకుల షెడ్డు, నాలుగు చాపలు, ఒక బల్బు. అంతకుమించి అక్కడేమీ లేదు. అక్షరం వచ్చినవాళ్ళు ఒకరు బైబిలు నుంచి ఒక అధ్యాయం చదువుతారు. మిగతావాళ్ళు వింటారు. కూలికి పోయి నడుం విరిగి వచ్చినవాళ్ళు కూడా కూర్చుని వింటారు. ఆదివారం ఒక్కనాడు కాదు, ప్రతి రాత్రీ.

మాలో డిగ్రీలు చదివి బడిపంతుళ్ళమైనవాళ్ళం ఉన్నాం. మా చదువు బళ్ళో మొదలు కాలేదు, ఆ చాప మీదే మొదలైంది. మా నాయనమ్మకు వేలిముద్ర తప్ప సంతకం తెలవదు. అయినా చదివే కుర్రోడు ఒక వాక్యం దాటేస్తే "ఆగరా అబ్బాయా, మధ్యలో ఒకటి మింగావు" అనేది. ఇన్నేళ్ళూ విని విని పుస్తకం మొత్తం ఆమె చెవిలో ఉండిపోయింది. ఇప్పుడు కొడుకులు హైదరాబాదులో కాంక్రీటు పనికి పోయిన ఇళ్ళల్లో ముసలోళ్ళు సెల్‌ఫోన్లో బైబిలు పెట్టుకుని వింటున్నారు. యంత్రం మారింది, వినే చెవి అదే.

శూద్రుడు వేదం వింటే చెవుల్లో సీసమూ లక్కా కరిగించి పొయ్యమని గౌతమ ధర్మసూత్రం రాసింది. శూద్రుడి గతే అది అయితే ఊరి బయట ఉన్న మా గతి ఏమిటో వేరే చెప్పాలా? వేల ఏళ్ళు మా చెవులు మూసినవాళ్ళే ఇయ్యాల "ఆ పుస్తకం ఎందుకు వింటున్నారు?" అని అడుగుతున్నారు. అడిగితే అడిగారు, జవాబు చెప్పగలం. ఇప్పుడు అడిగేది పోలీసు స్టేషనులో.

మా పల్లె శ్మశానానికి పోయే దారి ఒక ఆసామి చేలో కలిసిపోయింది. అడగబోయిన ఇద్దరిని కులం పేరు పెట్టి తిట్టి, కర్రలతో కొట్టారు. నెత్తురు గుడ్డలతో ఫిర్యాదుకు పోతే అక్కడ మొదటి ప్రశ్న దెబ్బల గురించి కాదు. "మీరు చర్చికి పోతారంటగా? ఇంట్లో బైబిలుందా? మరి అట్రాసిటీ చట్టం మీకెక్కడిది?" తిట్టినోడు మతం అడగలేదు. కొట్టినోడూ అడగలేదు. కాగితం మీద రాసుకునేవాడు మాత్రం అడిగాడు!

ఈ ప్రశ్న వెనకాల ఒక పాత కాగితం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులం వాడు కాడన్నారు. 1956లో సిక్కులను కలిపారు. 1990లో బౌద్ధులను కలిపారు. మంచిదే, వాళ్ళు మా అన్నదమ్ములే. క్రైస్తవులనూ ముస్లిములనూ గడప బయటే నిలబెట్టారు. ఇక్కడ మన రాష్ట్రంలో మాకు బీసీ-సి అని పేరుపెట్టి ఒక్క శాతం పడేశారు.

1985లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. సూసై అనే ఆయన మద్రాసులో చెప్పులు కుట్టుకుని బతికేవాడు. రోడ్డు పక్కన కూర్చుని కుట్టేవాళ్ళకు ప్రభుత్వం బంకులిచ్చింది, ఆయనకు ఇవ్వలేదు, క్రైస్తవుడివి పొమ్మంది. మతం మారినాక కూడా అదే అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువు చెయ్యమని కోర్టు అడిగింది. అదే ఎండ, అదే ఆరె, అదే తోలు వాసన. ఇంకేం రుజువు కావాలయ్యా? 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ మూడో పేరా తీసెయ్యమంది. మన అసెంబ్లీ 2009లో తీర్మానం చేసింది, 2023లో మళ్ళీ చేసింది. ఢిల్లీ 2022లో ఇంకో కమిషను వేసింది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు గుంటూరు ప్రాంతపు పాస్టరు ఒకాయన పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. మతం మారిననాడే ఆయనకు ఎస్సీ హోదా పోయిందంది. ఆ తీర్పు పేపర్లో వచ్చిందో లేదో, మా ఊరి ఆసాముల నోటికి కంఠస్తం వచ్చేసింది.

కారంచేడులో 1985 జులై 17న మాదిగలను వెంటాడి చంపినవాళ్ళు ఎవరికి బాప్తిస్మం అయ్యిందో వాకబు చేసి చంపారా? బతికినవాళ్ళు చీరాల పారిపోయి తలదాచుకుంది చర్చి ఆవరణలో. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది మాలలను నరికి కాలవలో పడేసిననాడు గోనెసంచుల మీద మతం రాసి ఉందా?

"పాలపొడికీ గోధుమపిండికీ మారినోళ్ళు" అనేది ఇంకో మాట. ఇది అనేవాళ్ళకు చరిత్ర తెలవదు, తెలిసినా చెప్పరు. ఒంగోలు సంగతే చూద్దాం. కనిగిరి దగ్గర తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వర్తకుడు ఈ మాట చెవిన పడి, నచ్చి, తనే వెతుక్కుంటూ మిషనరీ క్లౌ దొర దగ్గరికి వచ్చాడు. దొర పేరయ్యను వెతుక్కుంటూ రాలేదు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని అగ్రకులాలవాళ్ళు మొహం తిప్పుకున్నారు. పోతే పొమ్మని దొర మాదిగలనే పట్టుకున్నాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఆ కరువు పని సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు, తిండికోసం వచ్చారనే మాట పడకూడదని. పని అయిపోయినాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. తిండే కావాల్సినవాళ్ళయితే తిండి ఆగిపోయినాక ఎందుకొస్తారు?

వచ్చినవాళ్ళకు పెట్టిన షరతులు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. గొడ్డు మాంసం తింటే తప్పని మేం అనటంలేదు, మా తిండి మా ఇష్టం. చచ్చిందే నీ వాటా అన్నదాన్ని వాళ్ళు కాదన్నారు. ఇంక ఆదివారం! వెట్టివాడు వారానికి ఒకరోజు రానంటే ఊరు ఊరుకుంటుందా? జాతరకు డప్పు కొట్టమన్నందుకు, చేలోకి రామన్నందుకు తన్నులు తిన్నారు. బావులు మూసేశారు. అయినా చాప వెయ్యటం ఆపలేదు.

ఆ చాప మీద ఏం విన్నారు? గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్న ఫరో కథ విన్నారు. "అచ్చం మా ఆసామి మాటే" అన్నారు. తాతల నాటి తోట అమ్మనన్న నాబోతు మీద రాణి దొంగసాక్ష్యాలు పెట్టించి రాళ్ళతో చంపించి తోట రాజుకు కట్టబెట్టిన కథ విన్నారు. పట్టా ఇచ్చి పొలం చూపించని మా పల్లెకు ఆ కథ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. జత చెప్పులకు పేదవాణ్ణి అమ్మేశారని ఆమోసు కేకలేస్తాడు. చెప్పులు కుట్టిన చేతులు అది వింటే ఎట్లా ఉంటుందో మా తాతను అడగాలి. ఎగ్గొట్టిన కూలి కేకలేస్తుందని యాకోబు రాశాడు. విన్నవాళ్ళు ఏడ్చారు, తర్వాత లేచారు. కూలిరేటు కోసం మా పల్లె పని మానేసిన ఏడాది, ఆ మాట అనుకున్నది ప్రార్థన ఇంట్లోనే.

మా పాస్టరు అయ్యలకూ ఒక మాట ఉంది. రోమా పత్రిక పదమూడో అధ్యాయం, పై అధికారులకు లోబడమన్నది, మీకు బాగా దొరుకుతుంది. నాబోతు ఉన్న పేజీ ఎందుకు దొరకదు? కానుక వేస్తే అప్పు తీరుతుందంటారు, వడ్డీ వ్యాపారి పేరు మాత్రం ఎత్తరు. క్రీస్తులో కులం లేదంటారు, పెళ్ళి సంబంధం కాడ క్రైస్తవ రెడ్డిగారూ కమ్మగారూ మా పిల్లను కోడలిగా తెచ్చుకున్న ఊరు ఎక్కడన్నా ఉంటే చూపించండి. క్రైస్తవంలో కులం లేదన్న కోర్టుకు మీ మౌనమే సాక్ష్యమైంది.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళారా, మీరు మాత్రం తక్కువ తిన్నారా? "బైబిలు మత్తుమందు, అక్కల్ని నిద్రపుచ్చుతోంది" అని టీ బంకు కాడ అంటారు. అంబేద్కర్ జయంతికి జనం రాలేదని నెత్తి కొట్టుకుంటారు. ఎనభై మంది రోజూ రాత్రి ఒకచోట కూర్చునే జాగా పల్లెలో ఇంకోటి ఉందా? బాబాసాహెబ్ బౌద్ధంలోకి నడిచాడు, మా తాతలు గుండ్లకమ్మలోకి నడిచారు. రెండూ ఒకే ఊరిలోంచి బయటికి నడవటమే.

మా పల్లెలో ఈ నెల నుంచి అధ్యాయం అయినాక ఆ మూడో పేరా కూడా తెలుగులో చదివి వినిపిస్తున్నాం. శ్మశానం దారి కేసులో సాక్షులు ముగ్గురూ ఆడోళ్ళే. "సిలువ తీసేస్తే కేసు నిలబడుద్ది" అని పెద్దమనుషులు రాయబారం పంపారు. ముగ్గురూ తియ్యమన్నారు. వాయిదాకు కార్యకర్తలు కనీసం ఇరవై మంది రావాలి. ముందురోజు రాత్రే ఏడున్నరకు వచ్చి మాతోపాటు చాప మీద కూర్చోండి. అన్నం మా ఇళ్ళల్లో తిందురు.