రసాయనశాస్త్ర పట్టము వ్యర్థమా?

పూర్వభాగమున ఏ అరుగు మీద కూర్చున్నను ఈ మాట వినబడుచున్నది: “మెడికల్ దొరకలేదు, ఇంజనీరింగు దొరకలేదు, అందుకే మావాడు కెమిస్ట్రీలో బి.ఎస్‌సి. చేరినాడు.” ఇంట ఎవరికో జబ్బు చేసినదని చెప్పు స్వరముతో ఈ మాట చెప్పుచున్నారు. మేము దీనిని ఖండించుచున్నాము.

మేము మెట్రిక్‌తో చదువు ముగించి వ్యాపారమున దిగినవారము. రసాయనశాస్త్రమును మాకు నేర్పినది కళాశాల కాదు, నష్టము. ఒకప్పుడు మేము పంపిన టవళ్ల బేలు తిరిగి వచ్చెను. మొదటి ఉతుకులోనే ఎరుపు దిగి తెల్లని అంచును పాడుచేసెను. మేము రంగువానిని తిట్టితిమి. అతడు పొడి అమ్మినవానిని తిట్టెను. అమ్మినవాడు మన బావినీటిని తిట్టెను. తుదకు బి.ఎస్‌సి. చదువుచున్న పొరుగింటి అమ్మాయి సంగతి విప్పి చెప్పెను. రియాక్టివ్ రంగు సోడా కలిపిన నీటిలో నూలుతో బంధము కట్టును. కాని అదే తొట్టెలో కొంత రంగు నీటితోనే చర్య జరిపి చెడిపోవును. అట్టి రంగు నూలుతో బంధము కట్టక ఊరక పట్టుకొని యుండును. మరుగు సబ్బునీటితో దానిని పూర్తిగా కడిగివేయవలెను. మావారు కట్టెల ఖర్చు మిగులునని రెండు చన్నీటి కడుగులతో సరిపెట్టిరి. కట్టెలలో మిగిలినదెంత, బేలులో పోయినదెంత!

ఈ ‘ఎందుకు’ తెలియుటయే ఆ పట్టము యొక్క ప్రయోజనము. తాతలనాటి చేతివాటమును మేము చులకన చేయము. అయినను 1956లో రియాక్టివ్ రంగులు విపణికి వచ్చిన పిమ్మట తాతల లెక్క చాలలేదు. కొన్ని ఏజో రంగులను 1994లో జర్మనీయు, 1997లో మన ప్రభుత్వమును నిషేధించినవి. ఏ పొడినుండి కాన్సరు కలిగించు అమీను పుట్టునో కంటితో చూచి చెప్పగలవాడెవడు?

ఈ చదువు సులభమని మేమనుట లేదు. పన్నెండవ తరగతి సైన్సుతో గట్టెక్కవలెను. పిదప మూడేండ్లు కర్బన, అకర్బన, భౌతిక రసాయనములు మూడును చదువవలెను. గణితమును తప్పించుకొనుటకు వీలులేదు. 2020 జాతీయ విద్యావిధానము ననుసరించి నాలుగవ యేడును చదివినచో ఆనర్సు. అన్నిటికంటె ముఖ్యము ప్రయోగశాల. బ్యూరెట్టు నుండి చుక్క చుక్కగా వదలి, రంగు మారిన క్షణమున ఆపి, అంకె వ్రాసుకొనవలెను. తీసిన అంకెలు ఒకదానితో నొకటి కలియవలెను. కలియనిచో మరల చేయవలెను. ఇచట మన పిల్లలను సైతము మందలింపక తప్పదు. పక్కవాని జర్నలు నకలు చేసి, జవాబునుండి వెనుకకు లెక్కకట్టి అంకెలు దింపువాడు మూడేండ్లు ఫీజు కట్టినాడే కాని కెమిస్ట్రీ చదువలేదు.

తెలుగు బడిలో ఆమ్లము, క్షారము అని చదివిన బాలిక పదునొకండవ తరగతిలో ఆసిడ్, ఆల్కలీ అను మాటలు విని తెల్లబోవును. ఆమెకు తెలియనిది శాస్త్రము కాదు, మాట. అందుకొరకు తెలుగు బడినే మూయుమనువారితో మాకు పొత్తు లేదు. ఎనిమిదవ తరగతి నుండియే రెండు భాషల మాటలను పక్కపక్కన నేర్పుడు. ఒక నల్లబల్లయు, ఒక ఉపాధ్యాయుడును చాలును.

“ఉద్యోగమేది?” అని అడుగుదురు. పట్టము రాగానే ఎవడును రంగుశాల మాస్టరు కాడు. అది మొదటి మెట్టు మాత్రమే. పైచదువునకు ముంబయిలో 1933లో వెలసిన రసాయన సాంకేతిక సంస్థ కలదు. వస్త్ర రసాయనము అచట మొదటినుండియు బోధింపబడినది. ఇక ఉద్యోగమందురా, మాకు బుద్ధి చెప్పిన ఆ అమ్మాయి నేడు పూణెలో మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేయుచున్నది. ఇచట ఆమెకు ఇవ్వజూపిన జీతము బేళ్లు మోయువాని కూలికంటె తక్కువ. అట్లు ఇవ్వజూపినవారిలో మేమును ఉన్నాము.