మూడు రథములు

చీరలు కొనునప్పుడు మనము చూపు నేర్పును కారు కొనవలసి వచ్చినప్పుడు చూపము. చీరనైతే వెలుతురులోనికి తెచ్చి చూతుము, అంచు పట్టి లాగి చూతుము, కొంగు భుజముపై వైచుకొని చూతుము. కారు మాట వచ్చునప్పటికి అది మగవారి సంగతి యని తలచి, రంగొక్కటి చెప్పి ఊరకుందుము. పిమ్మట పదేండ్లు ఆ బండిలో పిల్లలను ఒడిలో పెట్టుకొని వెనుక కూర్చుండువారము మనమే. ఈ నెల మేమీ విషయమును ఎత్తుకొనుటకు కారణము, 2023 వ సంవత్సరపు వేసవి సెలవులలో మా తమ్ముని యింట జరిగిన యొక చిన్న వ్యవహారము.

మా తమ్ముడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరపు శివారున కాపురమున్నాడు. అప్పటికి మా మరదలికి ఏడవ నెల. ఆమెకు తల్లి లేదు గనుక పురుడు పోయవలసిన భారము మా అమ్మగారిపై పడినది. అమ్మగారు ఒంటరిగా అంత దూరము పోలేరు. మావారికి బడి సెలవులు. తమ్ముడు టిక్కెట్లు పంపినాడు. మేమిద్దరమును వారి వెంట నాలుగు వారములకై వెళ్లితిమి.

విమానాశ్రయమునకు తమ్ముడు అద్దెబండిలో వచ్చెను. ఇంటిలో కారు లేదా యన్న, లేకేమి, ఉన్నది. అయితే దానిలో ఇద్దరే పట్టుదురు. అది మాజ్డా వారి ఎం.ఎక్స్.-5 మియాటా యను స్పోర్ట్సు కారు. 2016 లో, ఉద్యోగమున కుదురుకొన్న పిమ్మట, తన సొమ్ముతో కొన్న మొదటి వస్తువు. ఈ జాతి కారు 1989 లో పుట్టినది. 2016 నాటికి పది లక్షలకు పైగా తయారైనవి. బరువు సుమారు 1,060 కిలోలు మాత్రమే. పైకప్పును మడిచి వెనుకకు త్రోసినచో ఆకాశమే కప్పు. కూర్చున్నవారికి నేల జానెడు దూరమున పరుగెత్తుచున్నట్లు తోచును. బాహుకుడు తోలిన రథములో ఋతుపర్ణ మహారాజు ఉత్తరీయము జారిపోగా, ఆపుమని చెప్పునంతలో అది ఆమడ దూరమున వెనుకబడినదని భారతమున చదివినారము గదా! ఆ కారులో కూర్చున్ననాడు మేమును పైటను రెండు చేతులతో పట్టుకొంటిమి.

దాని సామాను పెట్టె 130 లీటర్లది. అమ్మగారి పెట్టెలలో ఏ యొక్కటియు అందులో పట్టలేదు.

ఇంతకంటె పెద్ద చిక్కులు రెండు. మొదటిది బిడ్డ సంగతి. టెక్సాసు చట్టము ప్రకారము ఎనిమిదేండ్లు నిండని పిల్లలను, నాలుగడుగుల తొమ్మిదంగుళముల కంటె పొడవు కానిచో, పిల్లల ఆసనములోనే కూర్చుండబెట్టవలెను. పసిబిడ్డ ఆసనమును బండి వెనుకవైపునకు ముఖముండునట్లు బిగింతురు. అట్టి ఆసనమును ఎదుట గాలిసంచి, అనగా ఎయిర్‌బ్యాగు, పనిచేయుచుండు చోట ఎన్నడును పెట్టరాదు. ప్రమాదమున ఆ సంచి కనురెప్పపాటుకంటె తక్కువ కాలములో పొంగి, ఆసనపు వీపును గ్రుద్దును. ఆ దెబ్బ పసిమెడకు ప్రాణాంతకము. రెండే ఆసనములు గల కారులో రెండవది ముందుదే గదా!

రెండవ చిక్కు మా మరదలిది. ఆ కారు క్లచ్చి త్రొక్కి చేతితో గేర్లు మార్చవలసినది. ఆమెకు లైసెన్సు ఉన్నది గాని నేర్చినది ఆటోమేటికు బండిపై. అచ్చట మంచినీళ్ల సీసా కావలసినను కారెక్కవలెను. ఆమె వైద్యురాలి యొద్దకు పోవుట సయితము అద్దెబండిలో, లేదా తమ్మునికి తీరిక దొరికినప్పుడు. ఏడేండ్లుగా ఇంట కారున్నది. ఇల్లాలికి మాత్రము లేదు. ఈ మాట ఆమె ఎన్నడును మాకు చెప్పలేదు. వెళ్లి చూచినప్పుడు తెలిసినది.

ఆ కారును అమ్మి వేరొకటి కొనవలెనని తమ్ముడు ఒప్పుకొనెను. ఒప్పుకొని మూడు నెలలైనదట. నెల కొకమారు ఏదో మిష పెట్టుచుండెను. మేము చేరిన పిదప మిషలు చెల్లలేదు. అతడు రెండు బండ్లను ఏరి యుంచుకొనెను. ఒకటి వోక్స్‌వాగన్ గోల్ఫ్ జి.టి.ఐ. ఇది హ్యాచ్‌బ్యాకు, వెనుక తలుపు గాజుతో సహా పైకి లేచి, సామానుచోటు కూర్చుండు గదిలో కలిసియుండునది. రెండవది మాజ్డా వారిదే సి.ఎక్స్.-5 అను ఎస్‌.యు.వి.; ఎత్తైన బండి. రెండింటికిని టర్బో ఉండవలెనని అతని పట్టు.

ఈ టర్బో యేమో మన భాషలో చెప్పుకొందము. యింజనులో పెట్రోలు మండుటకు గాలి కావలెను. గాలి యెంత దట్టముగా చొచ్చునో అంత పెట్రోలు మండును, అంత బలము పుట్టును. సాధారణపు యింజను తాను పీల్చగలిగినంత గాలినే పీల్చుకొనును. టర్బో గలదానిలో, మండి బయటికి పోవు వేడిపొగ యొక చిన్న చక్రమును త్రిప్పును. దానితో ఒకే యిరుసున నున్న రెండవ చక్రము బయటి గాలిని అదిమి యింజనులోనికి త్రోయును. మన నాయనమ్మలు పొయ్యి మండకున్న ఊదుగొట్టము పట్టిరి. ఇచ్చట పొయ్యి విడిచిన పొగయే మరల పొయ్యిని ఊదుచున్నది! ఆ చక్రములు నిమిషమునకు లక్షకు మించి తిరుగును. అదిమిన గాలి వేడెక్కును గనుక దానిని చల్లార్చి లోపలికి పంపుదురు. ఈ యుక్తికి స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బూఖి 1905 లోనే పేటెంటు పొందెను.

దీని ఫలమెంతయో యొక్క పోలికతో తెలియును. తమ్ముని మియాటా యింజను రెండు లీటర్లది, టర్బో లేదు. బలము 155 గుఱ్ఱములు. గోల్ఫ్ యింజనును రెండు లీటర్లదే, టర్బో ఉన్నది. బలము 241 గుఱ్ఱములు. గిన్నె యొక్కటే, మంట వేరు. అయితే ఊదిన వెంటనే మంట లేవనట్లు, పెడలు త్రొక్కినప్పటికిని బలము అందునప్పటికిని నడుమ ఒక చిన్న జాగు కలుగవచ్చును. మరియు అంత వేగమున తిరుగు ఇరుసును కాపాడునది నూనెయే గనుక, చెప్పిన గడువునకు నూనె మార్పించుట మానరాదు.

ఒక శనివారము అందరమును బయలుదేరితిమి. మొదట గోల్ఫ్. అమ్మకపు యువకుడు తాళమును తమ్ముని చేతి కిచ్చి, అతని ప్రక్కను కూర్చుండెను. వెనుక అమ్మగారును మేమును. తమ్ముడు కోరినది చేతిగేర్ల బండి. దాని పరుగు మాకు నచ్చినది. మలుపులలో ఒరగక, గుంటలలో ఎగురక, చెప్పినట్లు పోయినది. తమ్ముని ముఖము చూచినచో గాలిపటము ఎగిరిన పిల్లవాని ముఖము వలె నుండెను. దిగునప్పుడు మాత్రము అమ్మగారు మోకాలు పట్టుకొని, మా భుజము ఊతగా లేచినారు.

తరువాత సి.ఎక్స్.-5. దాని యింజను రెండున్నర లీటర్లది. అచ్చటి బంకులలో మేలురకపు పెట్రోలు పోసినచో 256 గుఱ్ఱముల బలమనియు, సాధారణపుది పోసినచో 227 అనియు చెప్పిరి. అమ్మగారు మంచముపై కూర్చున్నట్లు కూర్చుండి, కుచ్చిళ్లు చెదరకుండ దిగినారు. తమ్ముడు మలుపులో వేగముగా త్రిప్పి చూచి, "బలమున్నది గాని బరువును ఉన్నది, అక్కయ్యా" అనెను. నిజమే, మియాటాకంటె అది ఆరు వందల కిలోలకు పైగా బరువైనది. త్రాసులో నున్న బరువును టర్బో తీసివేయలేదు గదా.

ఇంటికి వచ్చి అన్నములు తినుచు, వేగమని ఒకరు, ఎత్తని ఒకరు, ధర యని మావారు మాటలాడుచుండగా, మరదలు మజ్జిగ వడ్డించుచు మెల్లగా, "వదినగారూ, నేనింకను ఏ బండియు ఎక్కలేదు" అనెను.

మేమందరమును తలలు వంచుకొంటిమి. ఆ దినమంతయు ఆమె మావారితో కూడ అంగడిలోని కుర్చీలో కూర్చుండి యుండెను. అలసిపోవునని మేమే కూర్చుండబెట్టితిమి. అమ్మకపు యువకుని తప్పేమున్నది? ఇల్లాలిని కుర్చీలో వదలి బయలుదేరినవారము మేము.

మరుసటి వారము మరల వెళ్లితిమి. ఈమారు కుర్చీలో కూర్చున్నవాడు తమ్ముడు. మరదలు రెండు బండ్లను, ఆటోమేటికువే, తానే తోలెను. అర్జునుని రథపు పగ్గములు సుభద్ర పట్టిన కథ వినియుంటిమి గాని, ఏడు నెలల గర్భిణి కారు తోలుచుండగా వెనుక కూర్చుండుట మాకదే మొదలు. ఆమె తోలిన తీరు వేరు. తమ్ముడు ఎంత వేగమున పోవునో చూచెను. ఆమె ఎంత త్వరగా ఆగునో చూచెను. అతడు పెద్దరోడ్డు ఎక్కెను; ఆమె తమ యింటి వాహనశాల వంటి ఇరుకు సందులోనికి వెనుకకు నడపి చూచెను. పిమ్మట మేము వెంట తెచ్చిన పసిబిడ్డ ఆసనమును వెనుక బిగించి, దాని ముందరి ఆసనము ఎంత జరుపవలసి వచ్చునో చూచితిమి. గోల్ఫులో ముందున్నవారి మోకాళ్లు కొంత ఇరుకైనవి. ఎత్తైన బండిలో చోటు మిగిలినది. ఖాళీ ఆసనము నెత్తి, వంగి పెట్టి, వంగి తీసి, నడుమునకు ఏది సుళువో చూచితిమి. అందును ఎత్తైనదే మేలు. అమ్మగారి పెద్దపెట్టె రెండింటను పట్టినది.

లెక్క వేసినచో ఎస్‌.యు.వి. గెలిచినట్లే. మరదలు మాత్రము చాలసేపు పలుకలేదు. తుదకు, "చిన్నబండి నా చేతిలో ఇముడుచున్నది. పెద్దదానిలో వెనుకకు పోవునప్పుడు నాకు బెదురుగా నున్నది. కాని అత్తయ్యగారి మోకాళ్లు..." అని ఆగెను.

అమ్మగారు వెంటనే, "నేను ఆరు నెలలుండి పోవు చుట్టమును. దినమును తోలుదానవు నీవు. బెదరుచు తోలు తల్లి ప్రక్కన బిడ్డ యెట్లు నిద్రపోవును? నాకొక దిండు వేయుడు, చాలును" అనిరి.

గోల్ఫ్ కొనిరి, ఆటోమేటికుదే. తమ్ముడు క్లచ్చి మాట మరల ఎత్తలేదు. మేము తిరిగివచ్చిన పిమ్మట ఆగస్టులో మేనకోడలు పుట్టినది. ఆసుపత్రినుండి బిడ్డ ఇంటికి ఆ బండిలోనే చేరినది. రెండవ వారము టీకాలకు తల్లియే తోలుకొని పోయినదట. తమ్ముడు ఫోనులో ఈ మాట చెప్పునప్పుడు అతని గొంతులో గర్వము వినబడినది.

పాఠకురాండ్రకు మేము మనవి చేయునది ఇంతే. కారు చూడబోవునప్పుడు ఇంటివారందరును పొండు. ప్రతి ఆసనమునను కూర్చుండుడు. చీర కట్టినవారు చీరతోనే ఎక్కి దిగుడు. తోలగలవారు మగవారైనను ఆడువారైనను తాళము అడిగి తీసికొని తోలుడు. టర్బో బలము ఒకరే యెక్కినప్పుడు కాదు, నిండు బండితో, చల్లగాలి యంత్రము తిరుగుచుండగా చూడుడు. మన దేశమున 2023 అక్టోబరునుండి భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష జరుగుచున్నది. అందులో పెద్దల రక్షణకు, పిల్లల రక్షణకు వేరువేరుగా అయిదింటికి నక్షత్రములిత్తురు. మీరు చూచు బండికి పరీక్ష జరిగినదో లేదో అడిగి, రెండును చూడుడు. అన్నిటికంటె ముఖ్యము: బిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు ఆసనమున కూర్చుండు అలవాటును ఈ దినముననే మానుడు. తల్లి చేతులెంత గట్టివైనను ఆ క్షణమున చాలవు.

ఇక ఆ చిన్నకారు సంగతి. దానిని కొనువారు వచ్చుటకు ముందునాటి సాయంకాలము, తమ్ముడు దానిని కడిగి, తుడిచి, మరల తుడుచుచుండెను. అతడు మూడు నెలలు మిషలు పెట్టినది వేగముమీది మోజుచేతనే యని మేమనుకొంటిమి. అమ్మగారి కట్లు తోచలేదు. మా నాయనగారు 2018 లో అచ్చటికి వెళ్లినప్పుడు, జన్మమంతయు సైకిలు తప్ప ఎరుగని మనిషి, తలకు తువాలు చుట్టుకొని, పైకప్పు తీసిన ఆ కారులో ఒక సాయంకాలము తిరిగివచ్చిరట. 2020 లో వారు గతించిరి. అమ్మగారు చెప్పులు తొడుగుకొని బయటికి వచ్చి, "ఒకమారు త్రిప్పి తీసికొనిరారా" అనిరి.

గోల్ఫు ఆసనమే పల్లమైనదని మోకాలు పట్టుకొన్న మనిషి, దానికంటె పల్లమైన ఆ ఆసనములోనికి ఎవరి చేయియు అడుగక దిగినారు. తలకు తువాలు చుట్టుకొన్నారు. వారు తిరిగి వచ్చునప్పటికి చీకటి పడినది. దిగునప్పుడు మాత్రము తమ్ముని రెండు చేతులును పట్టుకొని లేచినారు. మోకాలి సంగతి మేమడుగలేదు; వారును చెప్పలేదు.