పుట్టినదినపు బొమ్మకేకు

నేడు తెలుగు పట్టణములలో బిడ్డ పుట్టినదినమనగానే మొదట తలపునకు వచ్చునది కేకు. తలంటు, క్రొత్తబట్టలు, అక్షతలు, పరమాన్నము ఇంకను మన యిండ్లను విడిచిపోలేదు. అయినను సాయంకాలమున బల్లపై కేకు కానరానిచో పండుగ జరిగినదని పిల్లలు నమ్ముట లేదు. ఆ కేకు గుండ్రముగ నుండినను చదరముగ నుండినను వారికి తనివి తీరదు. అది రైలుబండి కావలెను, సింహము కావలెను, చంద్రునివద్దకు పోవు రాకెట్టు కావలెను. దీనిని చూచి కొందఱు పెద్దలు పెదవి విఱచుచున్నారు. ఇది పరుల యాచారమనియు, వట్టి ధనవ్యయమనియు వారి వాదము. మా యభిప్రాయము వేఱు.

తీపితో బొమ్మచేయుట తెలుగువారికి క్రొత్తవిద్య కాదు. పాకమును కొయ్య అచ్చులలో పోసి చేసిన పంచదార చిలకలు మన పెండ్లిండ్లలో, సారెలలో తరతరములుగ నున్నవి. ఆ చిలుకను చేతబట్టిన బిడ్డ, తినుటకు మనసురాక, తినక నిలువలేక, త్రిప్పిత్రిప్పి చూచుటను ఎఱుగని యిల్లు గలదా? బొమ్మకేకును చూచిన బిడ్డ యానందమును అట్టిదే. కాబట్టి దోషము ఆకారమున లేదు. ఆ యాకారమును నిలుపుటకు, ఆ రంగును తెచ్చుటకు మనము బిడ్డ నోటికి ఏమి యందించుచున్నామను విచారణ లేకపోవుటయే దోషము.

ఈ విషయమున ఆస్ట్రేలియా దేశపు గృహిణుల మార్గము గమనింపదగినది. 1980లో ‘ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ’ పత్రికవారు పిల్లల పుట్టినదినపు కేకులను గూర్చి ఒక పుస్తకమును ప్రకటించిరి. అందు నూటికి పైబడిన కేకులు గలవు. ముఖపత్రముపై రైలుబండి కేకు గలదు. అందలి బాతుకు ముక్కు వేయించిన బంగాళాదుంప రేకులు. తలపై జుట్టు మొక్కజొన్న పేలాలు. ఈతకొలను కేకులో నీటికి బదులు జెల్లీ. అంగడిలో సులభముగ దొరకు తినుబండారమే ముక్కుగను, జుట్టుగను, నీరుగను మాఱినది. తినరానిది చేర్పవలసిన యవసరము అచ్చట మిక్కిలి స్వల్పము. నలువది యేండ్లు గడచినను ఆ దేశము ఆ పుస్తకమును మఱవలేదు. 2020లో ‘బ్లూయీ’ యను పిల్లల బొమ్మల ధారావాహికలో ఒక భాగము ఆ బాతుకేకును గూర్చియే నడచినది. దానిని కూర్చుటకు తండ్రి పడిన పాట్లే ఆ కథ. వంకరగ వచ్చిన బాతును సైతము బిడ్డ బాతనియే గుర్తించును. శిల్పశాస్త్రము చదువనివారు వెనుదీయ నక్కఱలేదు.

ఇక పని తీరు. మిక్కిలి మెత్తని కేకు కత్తికి నిలువదు. వెన్న, పిండి, చక్కెర, గ్రుడ్లు సమానమైన తూకమున చేరిన దట్టపు కేకు చెక్కుటకు తగినది. పొయ్యినుండి దింపిన వెంటనే చెక్కరాదు. బాగుగ చల్లార్చి, ఒక రాత్రి ఫ్రిజ్జులో నుంచి, మఱునాడు రంపపుపండ్ల కత్తితో కొద్దికొద్దిగ కోయవలెను. ముందుగ ఆకారమును కాగితముపై గీసి, కత్తిరించి, కేకుపై పఱచుకొన్నచో చేయి తప్పదు. వెన్నకు రెట్టింపు తూకము చక్కెరపొడి కలిపి గిలకొట్టిన పూతను మొదట పలుచగ పూసి, అది గట్టిపడిన పిదప రెండవ పూత పూయవలెను. మొదటి పూత పొడిని పట్టియుంచును. రెండవది నునుపు నిచ్చును. 40 డిగ్రీలు దాటు మన బెజవాడ వేసవిలో ఈ వెన్నపూత నిలువజాలదు గనుక కోయువేళవఱకు కేకును చల్లనిచోటనే యుంచవలెను. ఎత్తైన బొమ్మను నిలుపుటకు లోపల పుల్లలు గాని తీగెలు గాని గ్రుచ్చినచో, వానిని లెక్కపెట్టి తీసిన తరువాతనే పిల్లలకు ముక్కలు పంచవలెను. పైన కప్పు చక్కెరముద్దలో జెలటిన్ ఉండవచ్చును. అది పశువుల చర్మమునుండి, ఎముకలనుండి తీసినది. కాబట్టి శాకాహారులు గ్రుడ్డు లేదని విన్నంతనే తృప్తిపడరాదు.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది రంగు, తళుకు. 2018లో అమెరికా దేశమున రోడ్ ఐలండు రాష్ట్రములో ఒక బిడ్డ పుట్టినదినపు కేకు తిని ఆరుగురు పిల్లలు వాంతులతో, విరేచనములతో బాధపడిరి. కేకుపై దట్టముగ పూసిన తళుకుపొడిలో రాగి యున్నట్లు విచారణలో తేలినది. 2019లో మిస్సోరి రాష్ట్రమున ఏడాది బిడ్డ రక్తములో సీసము హెచ్చుగ కనబడినది; ఆ బిడ్డ పుట్టినదినపు కేకుపై పువ్వులకు అద్దిన పసుపుపచ్చని పొడిలో సీసము గలదు. ఆ దేశపు వ్యాధినిరోధక సంస్థవారు 2021లో ఈ రెండు సంగతులను ప్రకటించుచు, అట్టి పొడుల డబ్బాలపై ‘విషము కాదు’ అను మాట యున్నంతమాత్రమున అవి తినదగినవి కావని హెచ్చరించిరి. చదువరులు ఈ భేదమును మనస్సున నిలుపుకొందురు గాక. ‘విషము కాదు’ అనుట వేఱు. ‘ఆహారము’ అనుట వేఱు. బలపము విషము కాదు. అంతమాత్రమున దానిని విస్తరిలో వడ్డింతుమా?

మనదేశమున ఇట్టి భయము లేదనుకొనుట పొరపాటు. 2024లో పీచుమిఠాయిలో రోడమిన్-బి యను బట్టల రంగు కనబడగా పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములు ఆ మిఠాయి యమ్మకమును నిషేధించినవి. మన చట్టము దుర్బలమైనది కాదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద ఆహారమున వాడుటకు అనుమతి పొందిన కృత్రిమవర్ణములు ఎనిమిది మాత్రమే. ఇంటిలో కేకులు చేసి యమ్మువారు సైతము నమోదు పొందవలెను. ఆ సంఖ్యకు 14 అంకెలు. అయినను కట్టలు కట్టి యమ్ము బిస్కత్తుపై వివరములన్నియు అచ్చైయుండగా, అడిగి చేయించుకొన్న బొమ్మకేకు పెట్టెపై బిడ్డ పేరు తప్ప వేఱొక యక్షరము సాధారణముగ కానరాదు. చట్టము వ్రాసినవారి పని ముగిసినది. అడుగవలసినవారు అడుగుట లేదు.

అంగడులలో బొమ్మకేకులు చేయు పనివారి నేర్పును మేము తక్కువచేయుట లేదు. రాత్రి మేల్కొని, వ్రేళ్లు నొవ్వ ఒక్కొక్క రేకును దిద్దువారు తగిన కూలికి అర్హులు. కాని ప్రక్కయింటి బిడ్డకు మూడంతస్తుల కోట వచ్చినదని, మన బిడ్డకు నాలుగంతస్తులు కావలెనని, నెలజీతములో నుండి కొంత, అప్పులో నుండి కొంత తెచ్చుట ఎవరి సంతోషమునకు? నాలుగవ యంతస్తును కోరినవాడు నాలుగేండ్ల బిడ్డ కాడు. ఛాయాపటమున మెఱయుటకు పూసిన బంగారుపొడి బిడ్డ కడుపులోనికే పోవుచున్నది. చూచువారి మెప్పునకై తినువారిని బలిచేయుట వేడుక కాజాలదు.

కాబట్టి తలిదండ్రులకు మా మనవి. చేతనైనచో ఇంటిలోనే చేయుడు. బిడ్డనుగూడ పనిలో చేర్చుకొనుడు. కన్నులకు ఎండుద్రాక్ష, చక్రములకు బిస్కత్తు, ఎఱుపునకు బీటుదుంప రసము, పసుపునకు మన వంటింటి పసుపే చాలును. కొనవలసివచ్చినచో మూడు ప్రశ్న లడుగుడు: ఈ రంగు పేరేమి? ఈ తళుకుపొడి డబ్బాపై ‘తినదగినది’ అని వ్రాసి, అందు చేరిన పదార్థములను తెలిపియున్నారా? లోపల పుల్లలు, తీగెలు ఎన్ని? ఉత్తరము చెప్పలేని యంగడిని విడువుడు. వర్తకులారా, పదార్థముల పట్టికను ఒక చీటిపై వ్రాసి పెట్టెకు అంటించుట మీకు కష్టము గాదు. నిజాయితీగల వర్తకునికి అదియే ప్రకటన. ఆహార తనిఖీ యధికారులు పండుగనాడు మిఠాయి దుకాణములను చూచినట్లే కేకు దుకాణములను నిత్యము చూడవలెను. పఠనమందిరముల కార్యదర్శులు అనుమతిగల ఆ ఎనిమిది రంగుల పేర్లను ఒక పలకపై వ్రాయించి గోడకు తగిలించినచో ఊరికి ఉపకారము చేసినవా రగుదురు. దీపమార్పి బిడ్డ మొదటి ముక్కను నోట నుంచుకొనువేళ తల్లికి శంక లేకుండవలెను. అందులకు వలసిన విచారణను తలిదండ్రులు నేటినుండియే ఆరంభింతురు గాక.